శుక్రవారం కూటాలు – హాల్ లేదంటున్నారు, అందరూ చూడండి

కార్యదర్శి: అందరికీ వందనాలు. రాయగడ కూటాలకు ఇంక నాలుగు రోజులే. ఈ రాత్రికల్లా చెప్పండి: బ్యానర్ ప్రూఫ్ ఎవరు చూస్తారు (అంశం సాత్వికము, అంటే నెమ్మది, తగ్గింపు గుణం, మత్తయి 5:5), క్విజ్ పేపర్లు ఎంతవరకు వచ్చాయి, పార్వతీపురం పాస్టర్ అయ్యగారి కోసం స్టేషన్‌కు ఎవరు వెళ్తారు, ఒడియా తర్జుమా ఎవరిది, శనివారం భోజనాల లెక్క ఎంత.

క్వైర్ అక్క: బ్యానర్ నేను చూస్తా. ఒడియాలో కూడా రాయించండి. గుణుపూర్ నుంచి వచ్చే పిల్లలకు తెలుగు మాటే గానీ చదువు రాదు.

యూత్ తమ్ముడు: బ్యానర్ తర్వాత అక్కా. హాల్ మేనేజర్ ఇప్పుడే ఫోన్ చేశాడు. శుక్రవారం పెళ్లికి ఇచ్చేశాడట! మనమిచ్చిన అడ్వాన్స్ 5,000 తిరిగి అడిగితే "రూల్స్ చూసుకోండి" అని పెట్టేశాడు.

వంట కమిటీ అక్క: రసీదు ఉందా?

ట్రెజరర్: ఉంది, తేదీతో సహా.

యూత్ తమ్ముడు: అయితే రేపు యూత్ అంతా వెళ్లి గేటు ముందు కూర్చుంటాం. ఒడిశాలో తెలుగోళ్లమని అలుసు.

క్వైర్ అక్క: ఆ పెళ్లివాళ్లూ తెలుగోళ్లే తమ్ముడూ. మా వీధే.

పెద్దయ్య: వద్దు బాబూ. సాత్వికం మీద కూటాలు పెట్టుకుని దెబ్బలాటకు వెళ్తామా? డబ్బు పోతే పోనీ.

యూత్ తమ్ముడు: (ఈ మెసేజ్ తొలగించారు)

పెద్దయ్య: చదివేశాన్లే.

ట్రెజరర్: పెద్దయ్యా, ఒక్క మాట. ఆ 5,000 నా సొమ్మైతే వదిలేద్దును. అందులో ఆడవాళ్లు వండేటప్పుడల్లా తీసిపెట్టిన పిడికెడు బియ్యం డబ్బులున్నాయి. సంఖ్యాకాండం 12లో అక్క మిర్యాము, అన్న అహరోను తన మీద మాట్లాడితే మోషే ఎదురు మాట అనలేదు, పైగా మిర్యాముకు కుష్టు వస్తే ఆవిడ బాగుపడాలని మొరపెట్టాడు. భూమ్మీద అందరికంటే సాత్వికుడని ఆయన్ని అన్నది ఆ అధ్యాయంలోనే. అదే మోషే జనం మొక్కుతున్న బంగారు దూడను చూసి దేవుడిచ్చిన ఆజ్ఞల పలకలు పగలగొట్టాడు. యేసుప్రభువును బంట్రోతు కొడితే (యోహాను 18) తిరిగి కొట్టలేదు, అలాగని ఊరుకోనూ లేదు. నా మాటలో తప్పుంటే చూపించు, లేకపోతే ఎందుకు కొడుతున్నావని అడిగాడు. మనమూ అడుగుదాం. గేటు దగ్గర ధర్నా వద్దు, పెళ్లి జోలికి పోవద్దు. రసీదు జిరాక్స్ తీసుకుని ఇద్దరు వెళ్తే చాలు.

యూత్ తమ్ముడు: నేను వెళ్తా.

ట్రెజరర్: వెళ్లు. మాట్లాడేది మాత్రం పెద్దయ్య.

పెద్దయ్య: నేనా? సరే, పదింటికి బండి తీసుకురా. నడవలేను.

వంట కమిటీ అక్క: డబ్బు సంగతి సరే, కూటం ఎక్కడ? గెరారు కాపరులు జగడమాడిన బావులు ఇస్సాకు వదిలేశాడు గానీ తవ్వడం మానలేదు. మూడో బావి దాకా తవ్వించాడు. మా ఆయన పనిచేసే రైస్ మిల్లు కళ్లం ఖాళీగానే ఉంది, కోతలు ఇంకా మొదలవలేదు. ఓనర్‌ని అడగమంటారా?

కార్యదర్శి: అడగండి అడగండి. వాన వస్తే?

సౌండ్ అన్న: టార్పాలిన్ నేను తెస్తా. కరెంట్ మిల్లు నుంచే లాగుదాం, జనరేటర్ ఖర్చు మిగులుతుంది.

(మర్నాడు)

యూత్ తమ్ముడు: వెళ్లొచ్చాం. 3,000 ఇచ్చాడు, మిగతాది పెళ్లయ్యాకట. కూర్చోమని కూడా అనలేదు. పెద్దయ్య నిలబడే రసీదు టేబుల్ మీద పెట్టి "ఇది బీదవాళ్ల డబ్బు బాబూ, ఏ రూల్ ప్రకారం ఉంచుకుంటావో చూపించు" అన్నారు. గొంతు పెంచలేదు. వాడు చాలాసేపు ఫోన్ చూసుకున్నాడు, పెద్దయ్య కదల్లేదు. చివరికి సొరుగు తీశాడు.

ట్రెజరర్: మిగతాదానికి రాయించుకున్నారా?

యూత్ తమ్ముడు: లేదు.

ట్రెజరర్: రాయించుకోవాలి కదా! సోమవారం నేను వెళ్తా.

వంట కమిటీ అక్క: మిల్లు ఓనర్ సరేనన్నారు, అద్దె వద్దన్నారు. కళ్లంలోకి చెప్పులతో రాకూడదు, అక్కడ మాంసం వండకూడదు.

సౌండ్ అన్న: మరి కోళ్లు చెప్పేశాం కదా. ఇదేం కండిషన్?

పెద్దయ్య: ధాన్యం పోసే చోటు. ఆయన అడిగింది న్యాయమే.

వంట కమిటీ అక్క: కోళ్లు మాన్పించేశా. అన్నం, దాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు) చేస్తాం. గుమ్మడి, అరటికాయ సంతలో దొరుకుతాయి. పచ్చి బొప్పాయి ఎవరి పెరట్లో ఉంది?

క్వైర్ అక్క: మా పెరట్లో. వచ్చి కోసుకెళ్లండి, పిందెలు మాత్రం ముట్టుకోకండి.