ఎడమ చెయ్యి పడిపోయింది, మళ్లీ గురి చూసి కాల్చొచ్చా?

ప్రశ్న (బెంగళూరు మారతహళ్లి నుంచి): నమస్తే, వయసు 68. చిన్నప్పుడు కడప దగ్గర తాతతో కుందేళ్ల వేటకి పోయేవాణ్ణి, తెల్లారుజామున మంచులో చప్పుడు కాకుండా నడవడం ఇప్పటికీ కల్లోకొస్తాది. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పోయింది. వేట కుదరదని తెలుసు, కానీ గురి మీద ఆశ చావలే, ఒంటిచేత్తో అయితాదా?

జవాబు: అవుతుంది అంకుల్. వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, పంట తినే అడవిపందుల్ని కూడా అనుమతి లేకుండా కాల్చకూడదు. కానీ పారా షూటింగులో, అంటే దివ్యాంగుల షూటింగ్ పోటీల్లో, ఎస్‌హెచ్2 అనే విభాగం రైఫిల్ బరువు చేత్తో మొయ్యలేనివాళ్ల కోసమే, స్ప్రింగ్ స్టాండ్ మీద పెట్టి కాలుస్తారు, పెల్లెట్ (చిన్న గుండు) వెయ్యడానికి పక్కన మనిషి ఉండొచ్చు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టండి, ముందు డాక్టర్ని అడగండి.

ఇంకో జవాబు: నేను వీల్‌చైర్‌లోంచే కాలుస్తా సార్. మన షూటర్ అవని లేఖరా పారాలింపిక్స్‌లో 2021లో టోక్యోలో, 2024లో పారిస్‌లో బంగారం కొట్టింది కూడా వీల్‌చైర్‌లోనే కదా. షూటింగ్ రేంజికి ముందే ఫోన్ చేసి ర్యాంపు ఉందా కనుక్కోండి, నేను మొదట వెళ్లినచోట అన్నీ మెట్లే, ఏడుపొచ్చింది. వేటలో ఊపిరి బిగబట్టేవారు చూడండి, ఇక్కడా అంతే.

ప్రశ్న అడిగినాయన: ఊపిరి మాట చదివి తాత గుర్తొచ్చినాడు. ఆదివారం మనవణ్ణి తీసుకుని పోతా.