రాజ్యసభ సభ్యుడి పార్లమెంటు రికార్డు మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? (సావనీర్ వ్యాసం కోసం)

గాజువాక కుర్రోడు

అందరికీ నమస్కారం. మా కాలనీ సంక్షేమ సంఘం వాళ్లు వచ్చే నెల ఒక రాజ్యసభ సభ్యుడికి సన్మానం పెట్టుకున్నారు. ఆయన ఆరేళ్ల పదవీకాలం పూర్తవుతోంది. పేరు రాయను. రాస్తే ఈ థ్రెడ్ రెండో కామెంటుకే పార్టీల కొట్లాట అయిపోతుంది. సావనీర్‌లో "పార్లమెంటులో ఆయన కృషి" అని రెండు పేజీల వ్యాసం నా నెత్తిన పెట్టారు. డిగ్రీలో పొలిటికల్ సైన్స్ చదివినవాణ్ని కాలనీ మొత్తానికి నేనొక్కణ్నే దొరికాను.

ఎంపీల హాజరు, ప్రశ్నలు లెక్కగట్టి పెట్టే పీఆర్ఎస్ సంస్థ సైట్‌లో చూశాను. హాజరు రాష్ట్ర సగటు కంటే కాస్త ఎక్కువే. ప్రశ్నలు వందల్లో ఉన్నాయి. చర్చలు ఓ మోస్తరు. ప్రైవేటు మెంబర్ బిల్లులు, అంటే మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టే బిల్లులు, సున్నా. మా సెక్రటరీ గారేమో "ప్రశ్నల సంఖ్య పెద్ద అక్షరాల్లో వేసెయ్, బిల్లుల ఊసు ఎత్తకు" అంటున్నారు. అసలు ఇది మంచి రికార్డా, మామూలు రికార్డా? వాళ్లకి లోక్‌సభ వాళ్లలా నియోజకవర్గం కూడా ఉండదు కదా, దేన్ని పట్టుకుని కొలవాలి? కాస్త తెలిసినవాళ్లు చెప్పండి. సావనీర్ అచ్చేసే ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు.

మద్దిలపాలెం జంక్షన్

సన్మానం ఖాయమైపోయాక రికార్డు చూడ్డం ఏంటి తమ్ముడూ, శాలువా కొన్నాక పెళ్లిచూపులా?

సీరియస్‌గా చెప్పాలంటే హాజరు శాతం చూసి పొంగిపోకు. రిజిస్టర్‌లో సంతకం పడితే ఆ రోజుకి హాజరైనట్టే. రోజు భత్యం కూడా ఆ సంతకంతోనే ముడిపడి ఉంది. తర్వాత సభలో ఎంతసేపు కూర్చున్నారన్నది ఆ శాతంలో కనపడదు. మంత్రులు ఆ రిజిస్టర్‌లో సంతకమే పెట్టరు, వాళ్లకి శాతమే ఉండదు.

పాత ఫైలు

గాజువాక బాబూ, నేను రిటైరైన మనిషిని. ఒక కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థకి ఇక్కడున్న ఆఫీసులో చాలా ఏళ్లు పార్లమెంటు ప్రశ్నల సీటు చూశాను. సభ్యుడు ఢిల్లీలో ప్రశ్న వేస్తాడు, మంత్రి జవాబు చెప్తాడు. ఆ జవాబుకి అంకెలు ఏరుకొచ్చేది మాలాంటివాళ్లం. అందుకని ప్రశ్నలు వేసేవాళ్ల సంగతి నాకు కింది నుంచి తెలుసు.

సమావేశాలు మొదలయ్యాయంటే మాకు సాయంత్రాలు ఉండేవి కావు. సరిగ్గా టిఫిన్ క్యారియర్ సర్దుకుని లేచే వేళకి మంత్రిత్వ శాఖ నుంచి వచ్చేది, మొదట్లో ఫ్యాక్స్, తర్వాత మెయిల్. పైన డైరీ నంబరు, దాని పక్కన "ప్రొవిజనల్లీ అడ్మిటెడ్" (ప్రశ్నని తాత్కాలికంగా అనుమతించారని), ఆ పైన "మోస్ట్ ఇమ్మీడియెట్". రేపు పొద్దున్నకల్లా ముసాయిదా వెళ్లాలి. అకౌంట్స్ వాళ్లని, సిబ్బంది విభాగం వాళ్లని బతిమాలి కూర్చోబెట్టి, క్యాంటీన్ మూసేలోపు టీలు తెప్పించుకుని మొదలుపెట్టేవాళ్లం.

ఆ కాగితం చదవగానే ఇంటికెన్నింటికి వెళ్తామో తెలిసిపోయేది. "ఫలానా సమస్య ప్రభుత్వ దృష్టికి వచ్చిందా? వస్తే వివరాలేమిటి? తీసుకున్న చర్యలేమిటి?" అని ఉందనుకోండి, పండగే. "(ఎ) లేదు. (బి), (సి): ప్రశ్న ఉత్పన్నం కాదు." సంతకానికి పెట్టేసి బస్సు ఎక్కేయడమే. అక్షరం పొల్లు పోకుండా అదే ప్రశ్న వేరే వేరే సభ్యుల పేర్లతో రావడం కూడా చూశాను. ఎవరో ఒకరు టైపు చేసి పంచిపెడతారు కాబోలు. మీ సెక్రటరీ గారు పెద్ద అక్షరాల్లో వేయమంటున్న సంఖ్యలో ఇలాంటివెన్నో ముందు చూసుకోండి.

ఇంకో రకం ఉంటుంది. "గత ఐదేళ్లలో, సంవత్సరం వారీగా, భూమి పోయిన కుటుంబాల్లో ఎంతమందికి ఉద్యోగాలిచ్చారు, ఎన్ని దరఖాస్తులు పెండింగులో ఉన్నాయి, ఆలస్యానికి కారణాలేమిటి?" దీనికి "ఉత్పన్నం కాదు" అని రాయడం కుదరదు. బీరువాల్లోంచి పాత రిజిస్టర్లు దిగాలి. అంకె ఒకసారి సభ ముందుకి వెళ్లిందంటే ఇంక అంత తేలిగ్గా మార్చడానికి ఉండదు. తర్వాతి సమావేశాల్లో అదే సభ్యుడు "ఫలానా తేదీన, ఫలానా నంబరు ప్రశ్నకిచ్చిన జవాబును ప్రస్తావిస్తూ" అని మళ్లీ మొదలుపెడితే మా పెద్దసారుకి టెన్షన్ పట్టుకునేది. పోయినసారి ఇచ్చిన అంకె, ఈసారి ఇవ్వబోయే అంకె పక్కపక్కన పెట్టుకుని ఆయనే స్వయంగా పెన్సిల్‌తో టిక్కులు కొట్టేవారు. ఆ పెన్సిల్ మామూలు ప్రశ్నలకి బయటికొచ్చేది కాదు.

కాబట్టి నా మాట వినండి. మీ ఎంపీ గారి ప్రశ్నలన్నీ సంఖ్యగా కాదు, తేదీల ప్రకారం పేర్చుకుని చూడండి. ఒకే విషయం మీద రెండు మూడు సమావేశాల పాటు వెంటపడ్డారా? దొరికితే మీ రెండు పేజీలకి అదొక్కటే చాలు. మంత్రి ఎక్కడైనా "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని ఉంటే దాన్ని హామీ కింద లెక్క కడతారు. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే ప్రభుత్వ హామీల కమిటీ ఉంటుంది. వెంటపడే సభ్యుడు ఆ దారం వదలడు.

నక్షత్రం గుర్తు ప్రశ్నలు, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సినవి, వేరే లెక్క. రోజుకి పదిహేనే, గుర్తు లేనివి (రాతపూర్వక జవాబువి) 160. ఏవి రావాలో బ్యాలెట్ (లాటరీ) తేలుస్తుంది, కాబట్టి అవి తక్కువున్నాయని తప్పు పట్టకండి. కానీ నక్షత్రం గుర్తుకి సభ్యుడు అక్కడికక్కడే అనుబంధ ప్రశ్న వేయొచ్చు. మంత్రికి ఏం గుచ్చుకుంటుందో ముందే ఊహించి మేం లావుపాటి నోట్ తయారుచేసేవాళ్లం, రంగు రంగుల ఫ్లాగులు అంటించి. అధికారుల గ్యాలరీలోంచి చీటీలు అందించడానికి ఢిల్లీకి మనిషి కూడా వెళ్లేవాడు.  తన ప్రశ్న పిలిచినప్పుడు ఆయన సీట్లో ఉన్నారా, ఉంటే అనుబంధంగా ఏమడిగారు అన్నది ఆ రోజు చర్చల ప్రతిలో దొరుకుతుంది. ఒకటి రెండు చదవండి. మనిషి విషయం తెలిసి అడుగుతున్నాడా, కాగితం చూసి అడుగుతున్నాడా అన్నది నాలుగు లైన్లలో బయటపడుతుంది.

బిల్లులు సున్నా అని సిగ్గుపడక్కర్లేదు. స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలైన ప్రైవేటు మెంబర్ బిల్లులు మొత్తం పద్నాలుగే, చివరిది 1970లో. 2015 ఏప్రిల్‌లో తిరుచ్చి శివ గారి ట్రాన్స్‌జెండర్ల హక్కుల బిల్లుని రాజ్యసభ ఆమోదిస్తే అదే పెద్ద వార్తయింది. అదీ లోక్‌సభ దాటలేదు.

కూర్మన్నపాలెం

పెద్దాయన చెప్పినదంతా బాగుంది గానీ, నాకో మాట చెప్పండి. మన విశాఖ ఉక్కు ఫ్యాక్టరీని నూటికి నూరు శాతం అమ్మేయడానికి 2021 జనవరి 27న కేంద్ర క్యాబినెట్ కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. తర్వాత రెండు సభల్లోనూ మన సభ్యులు ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. ప్రతిసారీ ఆ తేదీ, ఆ నిర్ణయం, అవే వాక్యాలు. మా గేటు దగ్గర శిబిరంలో కూర్చున్నవాళ్లం ఆ జవాబులు చదువుకుని ఏం చేసుకోవాలి? ప్రశ్నలు వేస్తే ఫ్యాక్టరీ ఆగుతుందా?

పాత ఫైలు

కూర్మన్నపాలెం బాబూ, మీ కోపం న్యాయమే. ప్రశ్న వేస్తే నిర్ణయం ఆగిపోదు. కానీ ఆ జవాబుల్లోనే తేడాలు చూడండి. ఉక్కు మంత్రిత్వ శాఖని అడిగితే ఒక మాట వస్తుంది. పెట్టుబడుల ఉపసంహరణ చూసే విభాగం ఆర్థిక శాఖ కింద ఉంది, దాన్ని అడిగితే ఇంకో మాట రావొచ్చు. తెలిసిన సభ్యుడు రెండుచోట్లా అడుగుతాడు. తెలియనివాడు ఉక్కు శాఖకే పంపి, "ఆ విషయం ఆర్థిక శాఖది" అనిపించుకుంటాడు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు కదా, ఇప్పుడు అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఎంత విడుదలైంది, దేనికి ఖర్చయింది, ఏడాది వారీగా. గాజువాక బాబు తన మనిషి ఇలాంటిదేమైనా అడిగాడేమో చూసుకోవాలి.

విశాఖ రైల్వే జోన్ కూడా అంతే. 2019 ఫిబ్రవరి 27న ప్రకటించారు. తర్వాత కొన్నేళ్ల పాటు సభలో వచ్చిన జవాబులు వరసగా పెట్టుకుని చదవండి, డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) అన్న మూడక్షరాల చుట్టూ తిరుగుతుంటాయి. శంకుస్థాపన 2025 జనవరి 8న జరిగింది. మధ్యలో ఎవరు వదిలేశారు, ఎవరు వదల్లేదు అన్నది ఆ ప్రశ్నల మీద పేర్లే చెప్తాయి.

ఎంవీపీ లెక్చరర్

నియోజకవర్గం గురించి అడిగారు కాబట్టి. రాజ్యసభ సభ్యుడిది రాష్ట్రం మొత్తం. మన రాష్ట్రానికి పదకొండు సీట్లు. ఓట్లేసేది ఎమ్మెల్యేలు, అదీ ఓటు పార్టీ ఏజెంటుకి చూపించి మరీ. 2003లో చట్టం మార్చాక పోటీ చేసేవాళ్లు ఆ రాష్ట్ర ఓటర్లే అయి ఉండాలన్న నియమం కూడా పోయింది, 2006లో సుప్రీంకోర్టు సరేనంది. జైరాం రమేష్, నిర్మలా సీతారామన్, సురేష్ ప్రభు మన రాష్ట్రం నుంచి వెళ్లినవాళ్లే. జీవీఎల్ నరసింహారావు గారు ఉత్తరప్రదేశ్ నుంచి ఎన్నికై విశాఖ విషయాలు మాట్లాడేవారు. ఇంతకంటే విచిత్రం, 2014 విభజనప్పుడు ఉన్న సభ్యులని లాటరీ తీసి రెండు రాష్ట్రాలకి పంచారు. టీఆర్ఎస్ కేశవరావు గారు ఆంధ్రాకి, కేవీపీ రామచంద్రరావు గారు తెలంగాణకి పడ్డారు! కాబట్టి ఏ రాష్ట్రం అన్న కాలమ్ కంటే ఏ ఊరి గురించి అడిగారన్నదే చూడండి.

అంకెలకి అందని ఉదాహరణ ఒకటి. 2014 ఫిబ్రవరి 20న ప్రత్యేక హోదా మీద మన్మోహన్ సింగ్ గారు ప్రకటన చేసింది రాజ్యసభలోనే. ఆ రోజు పట్టుబట్టిన వెంకయ్యనాయుడు గారు అప్పటికి కర్ణాటక సభ్యుడు. పీఆర్ఎస్ పద్ధతిలో అలాంటి రోజు కూడా చర్చల కాలమ్‌లో ఒక్క గీతే.

కమిటీల సంగతి ఎవరూ ఎత్తలేదు. శాఖల వారీ స్థాయీ సంఘాలు (స్టాండింగ్ కమిటీలు) ఇరవై నాలుగు, ఒక్కోదాన్లో రాజ్యసభ నుంచి పదిమంది. అవి తలుపులు మూసుకుని జరుగుతాయి, టీవీలో రావు, సభ హాజరు శాతంలోనూ కలవవు. కానీ నివేదికల చివర మినిట్స్ వేస్తారు, ఎవరొచ్చారో పేర్లుంటాయి. నా దృష్టిలో కెమెరా లేనిచోట హాజరే అసలు హాజరు.

గాజువాక కుర్రోడు

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని ప్రశ్నలన్నీ తేదీల వారీగా పేర్చాను. పాత ఫైలు గారూ, మీరన్న "దృష్టికి వచ్చిందా" రకం బోలెడు ఉన్నాయి. కానీ మత్స్యకారుల డీజిల్ రాయితీ మీద మాత్రం వరసగా దొరికాయి. మొదటి జవాబులో లెక్క తేడా ఉందని రెండోసారి తేదీ వేసి మరీ అడిగారు. వ్యాసం దాని మీదే రాస్తున్నాను.

సెక్రటరీ గారికి చెప్తే, "మరి ఎంపీ నిధులతో కట్టిన మన బస్ షెల్టర్ ఏదీ?" అన్నారు. అది పార్లమెంటు రికార్డు కిందకి వస్తుందా?

పాత ఫైలు

రాదు. అది ఎంపీల్యాడ్స్, అంటే ఎంపీల స్థానిక అభివృద్ధి నిధి. ఏడాదికి ఐదు కోట్లు, రాజ్యసభ వాళ్లు రాష్ట్రంలో ఎక్కడైనా సిఫార్సు చేయొచ్చు, మంజూరు చేసేది జిల్లా అధికారులు. కోవిడ్‌లో 2020 నుంచి 2021 నవంబరు దాకా ఆపేశారు, కాబట్టి ఆ ఏళ్లలో ఖాళీ కనపడితే ఆయన్ని అనకండి. షెల్టర్ ఫొటో వెనక అట్ట మీద వేయించండి, సెక్రటరీ గారూ సంతోషిస్తారు.

డీజిల్ రాయితీ ప్రశ్నలు రెండింటికీ నంబరు, తేదీ వ్యాసంలో తప్పకుండా వేయండి. ఆయన ప్రసంగంలో వేరే అంకె చెప్పినా మీ కాగితం నిలబడుతుంది. ప్రూఫ్ వచ్చాక ఇక్కడ పెడితే నేనూ ఓసారి చూస్తాను, పెన్సిల్ ఇంకా ఉంది.