బేస్ గిటార్ సాధన, పోర్చుగీసు పాఠం: రెండూ ఒకే గంటలో సాగుతాయా?

ప్రశ్న: మంద్రస్థాయి, కడప

సభ్యులందరికీ నమస్కారం.

నేను మూడేళ్లుగా నాలుగు తీగల బేస్ గిటార్ వాయిస్తున్నాను, ఏడు నెలలుగా పోర్చుగీసు నేర్చుకుంటున్నాను. ఈ రెండింటికీ సంబంధమేమిటని మా ఇంట్లోవాళ్లే అడుగుతుంటారు కనుక ముందుగా అది చెబుతాను. ఇళయరాజా పాటల్లో గొంతు ఒక దారిన సాగుతుంటే అడుగున బేస్ తనదైన మరో దారి పట్టి నడుస్తుంది. ఆ రెండో దారిని వెతుక్కుంటూ వినడం అలవాటైన చెవికి ఎప్పుడో ఒకప్పుడు బ్రెజిల్ సంగీతం తగలక మానదు. నాకు తగిలింది బోసా నోవా. 1950ల చివర రియో డి జనీరోలో రూపుకట్టిన ఆ బాణీలో జొవావ్ జిల్బెర్టో ఒక్క గిటారు మీదే బొటనవేలితో మంద్రాన్ని, మిగతా వేళ్లతో పై స్వరాలను పలికిస్తూ, తాళపు దెబ్బకు కాస్త ముందో వెనకో పాడుకుంటూ పోతుంటే, ఆ పోర్చుగీసు మాటలకు అర్థం తెలియకుండా ఊరుకోలేకపోయాను. మొదలుపెట్టాక అల్మారా, తువాలు, ఇస్త్రీ, పాదిరి వంటి మాటలు ఆ భాష నుంచే మన ఇళ్లలోకి వచ్చాయని తెలిసి, చుట్టరికం పాతదేనన్న ధైర్యం కూడా కలిగింది.

ఇబ్బంది ఏమిటంటే, పొద్దున కుళాయి నీళ్లు వచ్చేలోపు నాకు దొరికేది ఒక్క గంట మాత్రమే. అందుకని రెండింటినీ కలిపేసి, ఒక పాటలోని బేస్ వాయిస్తూ అదే పాటలోని మాటలను నేర్చుకుంటున్నాను. ఇప్పుడు చూసుకుంటే పన్నెండు పాటలు నోటికి వచ్చాయి గానీ, వీడియోలో బ్రెజిల్ ఉపాధ్యాయుడు మామూలుగా మాట్లాడే వాక్యం ఒక్కటి కూడా మొదటిసారికే అందడం లేదు. పైగా నోరు కదిలితే వేళ్లు తప్పుతున్నాయి, వేళ్లు కుదిరితే మాట మరచిపోతున్నాను. పాటల ద్వారా భాష నేర్చుకోవడం సరైన దారేనా, లేక రెండింటినీ విడదీసి చెరో అరగంట కేటాయించాలా?

ఇంకో చిన్న సంగతి. కింది భాగంలో ఉండే ఇంటి యజమాని గారు, నేను ఎంత తగ్గించి వాయించినా తమ వంటగదిలో స్టీలు సామాన్లు మోగుతున్నాయని అంటున్నారు. దానికీ ఏదైనా ఉపాయముంటే తెలియజేయగలరు.

జవాబు: గురులఘువు, అనంతపురం

నాకు పోర్చుగీసు రాదు. నేను నేర్చుకున్నది జపనీస్, వాయించేది మీలాగే బేస్. అయినా మీ ఇబ్బంది నాకు తెలిసినదే అనిపించి రాస్తున్నాను.

జపనీస్ మొదలుపెట్టినప్పుడు నాకు అక్కరకు వచ్చింది బడిలో తెలుగు మాస్టారు చెప్పిన ఛందస్సు పాఠం. ఆ భాషలో మాట నిడివిని మాత్రలతో కొలుస్తారు. టోక్యో అన్న మాటకు వాళ్ల లెక్కలో నాలుగు మాత్రలు, నిప్పొన్ అన్న మాటకు కూడా నాలుగే. మన పద్ధతిలో చూడండి: ద్విత్వానికి ముందున్న ‘ని’ గురువు, పొల్లుతో ముగిసిన ‘పొన్’ గురువు, కలిపితే నాలుగు మాత్రలే అయ్యాయి. ‘ఒబసాన్’ అంటే పిన్ని లేక అత్త, ‘ఒబాసాన్’ అంటే అవ్వ. దీర్ఘం ఒక్కటి తగ్గితే అవ్వ కాస్తా పిన్నిగా మారిపోతుంది. పలకకు, పాలకకు తేడా పుట్టినప్పటి నుంచి వింటున్న మన చెవికి ఇది కష్టం కాదు.

బేస్‌లోనూ నాకు ఆలస్యంగా అర్థమైనది ఇదే. మొదటి రెండేళ్లు స్వరం ఎప్పుడు మీటాలా అన్నదే చూసుకున్నాను తప్ప, ఎప్పుడు ఆపాలా అన్నది పట్టించుకోలేదు. ఒకే స్వరాన్ని లఘువుగా తుంచితే పాట ఎగురుతుంది, గురువుగా నిలిపితే బరువెక్కుతుంది, మీటే చోటు మాత్రం రెండింటికీ ఒకటే. కనుక పాటకు బదులు పాఠంలోని మామూలు వాక్యాన్నే తీసుకొని, గురులఘువులు గుర్తించి, ఆ నిడివులను ఒకే స్వరం మీద వాయించి చూడండి. నోరు, వేళ్లు ఒకే లెక్కకు కట్టుబడతాయి.

జవాబు: తుంగతీరం, కర్నూలు

గురులఘువు గారు చెప్పినది జపనీస్‌కు అక్షరాలా నిజం. ఆ కొలబద్దను పోర్చుగీసు మీద పెట్టడం వద్దని మాత్రం నా మనవి. నేను స్పానిష్ చదివాను, పోర్చుగీసుతో కొద్దిపాటి పరిచయముంది. ఈ భాషల్లో మాటకు ప్రాణం ఊనికలో, అంటే ఒక అక్షరాన్ని మిగతావాటికంటే ఒత్తి పలకడంలో ఉంటుంది. ముఖ్యంగా పోర్చుగీసులో ఊనిక పడిన అక్షరం నిలబడుతుంది, పడనిది నలుగుతుంది. రాతలో ‘తోకో బైషో’ అని కనిపించే వాక్యం బ్రెజిల్ వారి నోట ‘తోకు బైషు’ అవుతుంది. నేను బేస్ వాయిస్తాను అని దాని అర్థం. (బైషో అంటే కిందిది, పొట్టిది అని కూడా అర్థముంది కనుక మన వాద్యానికి ఆ పేరు చక్కగా కుదిరింది.) రాతలో ‘దె’ అని ఉన్నది రియోలో ‘జి’ అని వినిపిస్తుంది. పోర్చుగల్ దేశస్థులైతే ఊనిక లేని అచ్చులను ఇంకా మింగేస్తారు కాబట్టి, బోసా నోవా కోసం నేర్చుకునేవారు బ్రెజిల్ ఉచ్చారణనే పట్టుకోవాలి.

మీకు పాటలు నోటికి వచ్చినా మాట అందకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. పాటలో బాణీ కోరినచోట ఏ అక్షరమైనా సాగుతుంది. మాటలో నలిగిపోయే ‘జి’ పాటలో రెండు దెబ్బల పాటు నిలబడవచ్చు. త్యాగరాజ కీర్తన విని తెలుగు నేర్చుకున్నవాడు ఏడు రోడ్ల కూడలిలో టీ అడిగితే ఎలా ఉంటుందో ఊహించండి. పాట భాష మీద ప్రేమ పెంచుతుంది, అంతవరకు దానికి రుణపడి ఉండవచ్చు. చెవికి తర్ఫీదు మాత్రం మాట వల్లనే వస్తుంది.

స్పానిష్‌లో ఇంకో తమాషా ఉంది. ఒక మాట చివరి అచ్చు, తర్వాతి మాట మొదటి అచ్చు కలిసి ఒకే అక్షరంగా పలుకుతాయి. ‘తే ఆమో’ అన్నది విడివిడిగా మూడక్షరాలైనా, ధారగా మాట్లాడేటప్పుడు రెండే వినబడతాయి. రాముడు, అతడు కలిసి రాముడతడు కావడం ఎరిగిన మనం దీనికి ఆశ్చర్యపడనక్కర లేదు. మనకు ఒక అచ్చు లోపిస్తుంది, వారికి రెండూ అతుక్కుంటాయి, అంతే తేడా.

క్యూబా సంగీతంలో బేస్ కూడా ఇలాగే అతుకుతుంది. తుంబావ్ అనే ఆ నడకలో నాలుగు దెబ్బలను ఎనిమిది అరలుగా లెక్కపెడితే, బేస్ నాలుగో అర మీద, ఏడో అర మీద మీటబడుతుంది. ఏడో అర మీద పలికే స్వరం నిజానికి రాబోయే ఆవర్తనానికి చెందినది. అది ముందే వచ్చి, సమం (ఆవర్తనపు మొదటి దెబ్బ) మీదుగా సాగిపోతుంది, సమం మీద మాత్రం మీటు ఉండదు. తాళం కంటే ముందే పాట ఎత్తుకోవడాన్ని మన వాళ్లు అతీత గ్రహం అంటారు, దానికి ఇది దగ్గరిది. మొదటిసారి వాయించినప్పుడు నాకు కాళ్ల కింద బండ జారినట్లనిపించింది. ‘లా అమిగా’ అన్న మాటలు ‘లామిగా’గా కలిసిపోవడం చెవికి పట్టాకనే ఆ నడక కూడా వేళ్లకు పట్టింది. రెండింటికీ ఇంతకు మించిన చుట్టరికం ఉందని నేను వాదించను.

పోర్చుగీసులో బేస్ పాఠాలు వినేటప్పుడు ఒక చిక్కు గురించి కూడా జాగ్రత్త పడాలి. మనం ఇ, ఎ, డి, జి అనే తీగలను వారు మీ, లా, రే, సోల్ అంటారు. మన అలవాటు కొద్దీ ‘దో’ను షడ్జమం అనుకుంటే మోసపోతాం. మన షడ్జమం శ్రుతి ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది, వారి ‘దో’ ఎప్పటికీ సి స్వరమే. జర్మన్‌లోనైతే బి స్వరాన్ని హెచ్ అని, బి ఫ్లాట్‌ను బి అని పిలుస్తారు కనుక ఆ దారిన పోయేవారికి వేరే గండం ఉంది.

జవాబు: పాత ఆర్కెస్ట్రా, కడప

నేను పద్దెనిమిదేళ్లు పెళ్లి కచేరీల్లో బేస్ వాయించినవాణ్ని. భాషల విషయంలో పెద్దగా చెప్పలేను గానీ, మీ యజమాని గారి స్టీలు సామాన్ల గురించి చెప్పగలను.

బేస్‌లో అన్నిటికంటే కింది తీగ, అంటే ఇ తీగ, సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఆ ధ్వని తరంగం పొడవు ఎనిమిది మీటర్ల పైమాటే. గోడకు దుప్పట్లు వేలాడదీసినంత మాత్రాన అది ఆగదు, దుప్పటి ఆపేది పై స్థాయి శబ్దాలనే. మన ఇళ్లలో కడప బండలు పరిచిన పన్నెండడుగుల గది అనుకోండి, గోడకూ గోడకూ మధ్య 47 కంపనాల దగ్గర గది తానే మోగుతుంది. ఇ తీగ మీద రెండో మెట్టు (ఫ్రెట్) నొక్కితే పుట్టే స్వరం దాదాపు అదే. మిగతా స్వరాలు మామూలుగా ఉండి ఆ ఒక్కటి గుమ్మని లేస్తుంటే తప్పు మీ చేతిది కాదు, గదిది. యాంప్‌ను నేల మీద, అందులోనూ మూలన పెట్టి ఉంటే వెంటనే తీయండి. మూల మంద్రాన్ని పెంచుతుంది, బండ ఆ అదురును కిందికి చేరవేస్తుంది. మందపాటి బొంత మడిచి, దాని మీద పీట వేసి, యాంప్‌ను గోడకు దూరంగా పెట్టండి. పొద్దున పూట మాత్రం హెడ్‌ఫోన్లే మర్యాద.

ఎండాకాలంలో వాద్యాన్ని రేకుల గదిలో ఉంచకండి, కూలర్ ఎదుట కూడా పెట్టకండి. పొడిగాలికి కొయ్య కుంచించుకుపోయి మెట్ల అంచులు బయటికి పొడుచుకొస్తాయి, కూలర్ తేమకు మళ్లీ ఉబ్బుతుంది. ఆ రెండింటి మధ్య మెడ వంగి, శ్రుతి నిలవదు.

భాష సంగతిలో ఒక్క మాట. 1820లో ఉద్యోగం మీద మన ఊరికి వచ్చిన బ్రౌన్ దొర తెలుగు పద్యాల వెంట పడ్డాడు, మన ఛందస్సు మీద పుస్తకమే రాశాడు. అయితే కచేరీ (సర్కారు కార్యాలయం) ఉద్యోగి కనుక జనం మాటలు వినక ఆయనకు తప్పేది కాదు. మీకు పద్యం ఉంది, కచేరీ లేదు. తుంగతీరం గారు చెప్పినది నాకు అలా అర్థమైంది.

మంద్రస్థాయి, కడప (పది రోజుల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. బొంత, పీట పని చేశాయి. సామాన్లు మోగడం లేదని యజమాని గారే పైకి వచ్చి చెప్పారు. ఇ తీగ రెండో మెట్టు మీద గుమ్మనడం కూడా మీరన్నట్లే ఉంది, ఇన్నాళ్లూ దాన్ని నా చేతి దోషమనుకొని సరిదిద్దుకుంటూ వచ్చాను.

పాటలను సాయంత్రానికి మార్చాను. పొద్దున, లయ తప్పకుండా దెబ్బలు కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, ఒకే స్వరం మీటుతూ పాఠంలోని చిన్న వాక్యాలు పలుకుతున్నాను. మొదట గురులఘువుల లెక్కతో ప్రయత్నిస్తే వాక్యం పద్యంలా వచ్చింది. ఊనిక అక్షరాన్ని దెబ్బ మీద పెట్టి, మిగిలినవాటిని మధ్యలో సర్దితే బాగా కుదిరింది. ‘తోకు బైషు’ అనేటప్పుడు ‘తో’ ఒక దెబ్బ, ‘బై’ మరో దెబ్బ. నిన్న వీడియోలో ఒక వాక్యం మొదటిసారికే పూర్తిగా అందింది. వంతెన దగ్గర రొట్టె దొరుకుతుందని చెబుతున్నారు. ఒక సందేహం మిగిలింది: రెండు ఊనికల మధ్య అక్షరాలు ఎక్కువైనప్పుడు దెబ్బను ఆలస్యం చేయాలా, అక్షరాలను తొందరపెట్టాలా?

తుంగతీరం, కర్నూలు

దెబ్బను కదిలించకండి, అక్షరాలనే ఇరికించండి. బ్రెజిల్ వారు మనిషిని బట్టి, ఊరిని బట్టి కొంత సాగదీస్తారు గానీ, అది ఇప్పుడే అనుకరించబోతే మీ మెట్రోనోమ్ పని పాడవుతుంది. నాలుగు అక్షరాలకు మించి ఇరకనప్పుడు దెబ్బలను 60 నుంచి 50కి తగ్గించి చూడండి. ఆ రొట్టె వాక్యం వీలైతే ఇక్కడ తెలుగు లిపిలో రాయండి, ఊనికలు ఎక్కడ పడ్డాయో కలిసి చూద్దాం.