ప్రభుత్వానికి ఓటేసే సభ్యుడు ప్రతిపక్షం వరసలో నిలబడి ప్రశ్న అడగొచ్చా? ఐర్లండ్ పార్లమెంటు గొడవపై మీ మాటేంటి?

లిఫీ గట్టు (డబ్లిన్):
2025 మొదట్లో ఇక్కడి దిగువ సభ డాయిల్‌లో జరిగిన రభసను మనవాళ్లలో చాలామంది "అక్కడా ఇదే గోలా" అని వదిలేశారు. నాకు మాత్రం అది వదిలేయాల్సిన విషయంగా అనిపించడం లేదు. అందుకే ఈ చర్చ.

తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్దాం. 2024 నవంబర్ ఎన్నికల్లో 174 సీట్లకు గాను ఫియానా ఫాయిల్‌కి 48, షిన్ ఫేన్‌కి 39, ఫీన గేల్‌కి 38 వచ్చాయి. ఫియానా ఫాయిల్, ఫీన గేల్ కలిసినా మెజారిటీ అందలేదు. ఆ కొరతను స్వతంత్రులు తీర్చారు. వాళ్లలో టిప్పరరీ సభ్యుడు మైకేల్ లౌరీ గ్రూపు ముఖ్యం. ఆ గ్రూపులో కొందరు సహాయ మంత్రులయ్యారు. పదవి రాని మిగతావాళ్లేమో "మేం మంత్రులం కాదు కాబట్టి ప్రతిపక్షానికిచ్చే సమయంలో మాకూ వాటా కావాలి" అన్నారు. దాంతో జనవరి 22న మీహాల్ మార్టిన్‌ను ప్రధానిగా ఎన్నుకోవాల్సిన సభ వాయిదాల మీద వాయిదాలు పడి, ఎన్నిక మర్నాటికి పోయింది. మార్చి 25న ప్రభుత్వం సభా నియమాలు మార్చింది. ఆ స్వతంత్రులకూ, మంత్రి పదవి లేని పాలకపక్షం సభ్యులకూ కలిపి ప్రధానిని ప్రశ్నించడానికి 8 నిమిషాల కొత్త సమయం పెట్టింది. ప్రతిపక్షాల అరుపుల గందరగోళంలోనే స్పీకర్ వెరోనా మర్ఫీ నియమాలు ఆమోదం పొందాయని ప్రకటించారు. ఆమె కూడా ఆ స్వతంత్ర గ్రూపు నుంచి వచ్చినావిడే. ప్రతిపక్షాలు ఆమె మీద అవిశ్వాసం పెట్టాయి, ఓడిపోయాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఇది తప్పు. ప్రధానిని కుర్చీలో కూర్చోబెట్టిన చేతులే ఆయన్ని నిలదీస్తున్నాం అంటే నమ్మబుద్ధి కాదు.

షానన్ ఒడ్డు (టిప్పరరీ):
నేను ఇక్కడ నర్సుని. డబ్లిన్‌లో కూర్చుంటే ఈ విషయం ఒకలా కనిపిస్తుంది, మా వైపు ఇంకోలా ఉంటుంది.

2009లో నీనా ఊరి ఆసుపత్రిలో 24 గంటల అత్యవసర విభాగం ఎత్తేశారు. అప్పటి నుంచి ఉత్తర టిప్పరరీ జనం గుండెనొప్పి వచ్చినా లిమరిక్ యూనివర్సిటీ ఆసుపత్రికే పరిగెత్తాలి. మంచం దొరక్క ట్రాలీల మీద పడుకున్న రోగుల లెక్క నర్సుల సంఘం రోజూ బయటపెడుతుంది. ఆ పట్టికలో ఏళ్లుగా లిమరిక్‌దే పైచేయి. నడవాలో లైటు ఆర్పని చోట, పక్కన మనుషులు తిరుగుతుంటే, ఎనభై ఏళ్ల ముసలావిడ రాత్రంతా ట్రాలీ మీద ఉండటం ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు.

మా ఓటర్లు స్వతంత్రుణ్ని గెలిపించేది అందుకే. ప్రభుత్వానికి మద్దతిచ్చి పనులు సాధించమంటారు, ప్రధానిని సభలో అడగమనీ అంటారు. ఈ రెండూ ఒకే మనిషి చేస్తే తప్పేంటి? మద్దతిచ్చినంత మాత్రాన నోరు కుట్టేసుకోవాలా?

రామాంతపూర్ (హైదరాబాద్):
అసలు అక్కడ ప్రశ్నలు ఎలా అడుగుతారండీ? మన క్వశ్చన్ అవర్ లాంటిదేనా?

లిఫీ గట్టు (డబ్లిన్):
తేడా ఉందండీ. లోక్‌సభలో నక్షత్ర గుర్తు ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, జవాబు సంబంధిత మంత్రి చెబుతారు. ఇక్కడ లీడర్స్ క్వశ్చన్స్ అని ఉంటుంది. మంగళ, బుధవారాల్లో ప్రధాని, గురువారం సాధారణంగా ఉప ప్రధాని వచ్చి నిలబడాలి. ఏ విషయం అడుగుతారో ముందుగా చెప్పక్కర్లేదు. ప్రతిపక్ష నేతకు 3 నిమిషాలు, జవాబుకు 3, అనుబంధ ప్రశ్నకు 1, దాని జవాబుకు 1. అంతే. సమయం దాటితే స్పీకర్ మధ్యలోనే ఆపేస్తారు. షిన్ ఫేన్ నాయకురాలు మేరీ లూ మెక్‌డొనాల్డ్ పొద్దున పేపర్లో వచ్చిన సంగతిని మధ్యాహ్నానికి ప్రధాని ముందు పెట్టగలరు. మన దేశంలో ప్రధాని వారం వారం ఇలా జవాబు చెప్పే ఏర్పాటే లేదు.

అందుకే ఆ నిమిషాల మీద అంత పోట్లాట. షానన్ గారూ, మీ ఆసుపత్రి బాధ నిజం. కానీ మీ సభ్యుడికి మంత్రి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, మద్దతు ఒప్పందం ఇచ్చేదే అది. ఆ తలుపు లేనివాళ్లకు మిగిలింది ఈ నిమిషాలే.

పాలమూరు పోరడు (గాల్వే):
అన్నా, నిమిషాల కోసం కొట్లాడుడు సరే. అడిగితే ఏం ఫాయిదా? నేను ఏండ్ల సంది చూస్తున్న.

2017ల ఆరోగ్య మంత్రిగ ఉన్న సైమన్ హారిస్ ఒక మాట ఇచ్చిండు. వెన్నుపూస వంకర ఉన్న పిల్లలు ఆ ఏడాది చివరికల్లా ఆపరేషన్ కోసం నాలుగు నెలలకు మించి ఆగే పరిస్థితి ఉండదన్నడు. తర్వాత ఆయన ప్రధాని అయిండు, ఉప ప్రధాని అయిండు. ప్రతిపక్షం ఆ మాట పట్టుకొని ఎన్నిసార్లు అడిగిందో లెక్క లేదు. పిల్లలు ఇంకా లైన్లనే ఉన్నరు. 2025 ఏప్రిల్‌ల వచ్చిన నివేదికైతే ఇంకా ఘోరం. డబ్లిన్ పిల్లల ఆసుపత్రిల ముగ్గురు పిల్లల వెన్నుల, వైద్యానికి అనుమతి లేని స్ప్రింగులు పెట్టిన్రని తేల్చింది.

ఇండ్ల సంగతి చూడున్రి. ఎన్నికల ముందు 2024ల 40 వేలకు దగ్గరగ ఇండ్లు పూర్తయితయని మంత్రులు చెప్పిన్రు. ఓట్లు పడ్డంక గణాంక శాఖ లెక్క వచ్చింది: 30,330. అంతకుముందు ఏడాది కన్నా తక్కువ. సభల అడిగిన్రు, గట్టిగనే అడిగిన్రు. ఎవ్వరి పదవన్న పోయిందా?

రాసి అడిగితే ఇంకో కత. ఆరోగ్య శాఖకు ప్రశ్న వేస్తే చానా సార్లు వచ్చే జవాబు ఒక్కటే: ఇది సేవలకు సంబంధించిన విషయం, ఆరోగ్య సేవల సంస్థనే మీకు నేరుగ జవాబియ్యమని చెప్పినం. మంత్రిని అడిగితే మంత్రి చెప్పడు.

పాత కాగితాలు (లండన్):
పాలమూరు గారి కోపం న్యాయమైనదే, కానీ ఆయన తేల్చిన మాటతో నేను ఏకీభవించను. రెండు పాత సంగతులు చెబుతాను.

1989లో ప్రతిపక్ష సభ్యులు డాయిల్‌లో గొడ్డుమాంసం పరిశ్రమ గురించి అడిగారు. ఇరాక్‌కు ఎగుమతులకు ప్రభుత్వం ఇచ్చిన బీమా హామీలు ఎవరికి, ఎలా ఇచ్చారన్నది ప్రశ్న. తిన్నగా జవాబు రాలేదు. 1991లో బ్రిటన్ టీవీ ఒకటి ఆ పరిశ్రమలోని అక్రమాల మీద కార్యక్రమం వేశాక విచారణ ట్రిబ్యునల్ వేయక తప్పలేదు. 1994 దాకా సాగింది, ఖర్చు తడిసి మోపెడైంది. ఆ విచారణ నడిపిన జడ్జి లియమ్ హామిల్టనే ఒక సందర్భంలో అన్నారు: ఇక్కడ చెబుతున్నట్టు ప్రశ్నలకు డాయిల్‌లోనే జవాబు చెప్పి ఉంటే ఈ విచారణ అవసరమే ఉండేది కాదు, బోలెడంత డబ్బూ సమయమూ మిగిలేవి అని. అంటే ప్రశ్న వ్యర్థం కాలేదు. దాటేసిన జవాబు ప్రజల నెత్తిన ఖర్చై కూర్చుంది.

రెండోది కేథరిన్ మర్ఫీ సంగతి. కిల్డేర్ నార్త్ సభ్యురాలు, అప్పట్లో స్వతంత్రురాలు. దివాలా తీసిన ఆంగ్లో ఐరిష్ బ్యాంకును ప్రభుత్వం తీసుకుని ఐబీఆర్‌సీగా మార్చింది కదా. ఆ సంస్థకు బాకీపడ్డ సైట్‌సర్వ్ అనే కంపెనీని 2012లో 4.54 కోట్ల యూరోలకు అమ్మారు. ఆ క్రమంలో 10 కోట్ల యూరోలకు పైగా అప్పు మాఫీ అయింది, అదంతా ప్రజల సొమ్ము. ఆవిడ ఆర్థిక శాఖకు ఒకదాని తర్వాత ఒకటి రాతపూర్వక ప్రశ్నలు వేశారు. జవాబులు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ఊరుకోలేదు. ఒక జవాబులో వదిలేసిన దాన్ని పట్టుకుని ఇంకో ప్రశ్న, చివరికి సమాచార చట్టం కింద దరఖాస్తు. 2015లో ఆ కాగితాలు చేతికొచ్చాయి. ఆర్థిక శాఖ అధికారులకే ఆ అమ్మకం మీద ఆందోళన ఉందని అప్పుడు లోకానికి తెలిసింది.

ఆ మే 28న ఆవిడ సభలో ఐబీఆర్‌సీ అప్పుల గురించి మాట్లాడితే, కోర్టు ఉత్తర్వు ఒకటి అమల్లో ఉందన్న భయంతో పెద్ద పెద్ద పత్రికలు సభలో అన్న మాటను కూడా పూర్తిగా వేయలేకపోయాయి. ఎన్నికైన సభ్యురాలు పార్లమెంటులో పలికిన మాట ప్రజలకు చేరడానికి హైకోర్టు స్పష్టత ఇవ్వాల్సి వచ్చింది. జూన్ 2న ఇచ్చింది. అదే నెలలో విచారణ కమిషన్ వేశారు. 2022లో నివేదిక వచ్చింది, ఆ అమ్మకంలో అక్రమాలు జరిగాయని తేల్చింది.

షానన్ ఒడ్డు (టిప్పరరీ):
మీరు చెప్పింది నా వాదనకే బలం. కేథరిన్ మర్ఫీ స్వతంత్రురాలే కదా!

లిఫీ గట్టు (డబ్లిన్):
స్వతంత్రురాలే. కానీ ఆ ప్రభుత్వాన్ని నిలబెట్టలేదు. ఆవిడ ప్రశ్నకు జవాబు రాకపోతే ఆవిడ పోగొట్టుకునేది ఏమీ లేదు, కాబట్టే చివరిదాకా వెళ్లగలిగారు. మద్దతు ఒప్పందం మీద సంతకం చేసిన సభ్యుడు అంత దూరం వెళ్తే ఒప్పందమే పోతుంది. ఎక్కడ ఆగాలో అతనికి ముందే తెలుసు.

కార్క్ అమ్మాయి (కార్క్):
మనవాళ్ల సంగతి ఒకటి చెప్పనివ్వండి. 2025 జులై 19న డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుడిని గుంపుగా చేరి కొట్టి, బట్టలు ఊడదీశారు. ఆ తర్వాత ఇంకొన్ని దాడులు. ఆగస్టు 1న మన రాయబార కార్యాలయం జాగ్రత్తలు చెప్పింది, ఇండియా డే ఉత్సవం వాయిదా పడింది. వాట్సాప్ గ్రూపుల్లో పిల్లల్ని సాయంత్రం బయటికి పంపాలా వద్దా అన్నదే మాట. సరిగ్గా ఆ వారాల్లో డాయిల్ వేసవి సెలవుల్లో ఉంది. అప్పటి అధ్యక్షుడు హిగ్గిన్స్ ఖండించారు, మంత్రులు మీడియాతో మాట్లాడారు. కానీ సెప్టెంబర్ మధ్య దాకా సభలో లేచి "పోలీసులు ఏం చేస్తున్నారు, ఎంతమందిని పట్టుకున్నారు" అని ప్రధానిని అడిగే వీలే లేదు. ప్రశ్న వేసే చోటు మూసి ఉంటే ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

ఇంకోటి. పౌరసత్వం రాని మనబోటివాళ్లకు స్థానిక ఎన్నికల్లో ఓటుంది, డాయిల్ ఎన్నికల్లో లేదు. అయినా నా స్నేహితురాలి పౌరసత్వ దరఖాస్తు ఎటూ కదలకపోతే ఇక్కడి ప్రతిపక్ష టీడీ (డాయిల్ సభ్యుడు) ఆఫీసుకు వెళ్లింది. ఆయన న్యాయ శాఖకు రాతపూర్వక ప్రశ్న వేశారు. పార్లమెంటు రికార్డులో ఆమె పేరుండదు, "ఒక వ్యక్తి" అని రాసి పక్కన "వివరాలు అందజేయబడ్డాయి" అని ఉంటుంది. జవాబు కొద్ది రోజుల్లో వచ్చింది: పరిశీలనలో ఉంది, ఫలానా పత్రం అందాల్సి ఉంది అని. ఆ పత్రం కావాలని అప్పటిదాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఓటు లేని మనిషి కోసం మంత్రి చేత సంతకం పెట్టి జవాబు చెప్పించింది ఒక ప్రశ్న.

పాలమూరు పోరడు (గాల్వే):
చెల్లె చెప్పింది మంచిగున్నది. రాతపూర్వక ప్రశ్న ఏ టీడీ అయినా వేయొచ్చు, దాన్ని ఎవ్వరూ గుంజుకోలే. మరి లీడర్స్ క్వశ్చన్స్ కోసమే ఇంత లొల్లి ఎందుకు?

లిఫీ గట్టు (డబ్లిన్):
రాసిన జవాబును అధికారి తయారుచేస్తాడు, మంత్రి పేరుతో వస్తుంది. లీడర్స్ క్వశ్చన్స్‌లో ప్రధాని నోటితో చెప్పాలి, తడబడితే దేశమంతా చూస్తుంది. నాలుగు నెలల మాట ఎవరిదో ఈరోజు గాల్వేలో ఉన్న మీకు కూడా గుర్తుందంటే, ప్రతిపక్షం దాన్ని ప్రతిసారీ సభలో ఎత్తడం వల్లే.

షానన్ గారూ, మీ సభ్యుడికి సమయం ఇవ్వొద్దని నేననడం లేదు. ప్రభుత్వ సమయంలోంచి ఇవ్వమనండి, పాలకపక్షం సభ్యుడిగానే అడగమనండి. బడ్జెట్‌కు ఓటేసి వచ్చి ప్రతిపక్షం పేరు పెట్టుకోవడమే నాకు అభ్యంతరం.

షానన్ ఒడ్డు (టిప్పరరీ):
పేరు ఏదైనా పెట్టుకోండి. లిమరిక్‌లో ట్రాలీల లెక్క ఎప్పుడు తగ్గుతుందని ప్రధాని ముఖం మీద అడిగే మనిషి మా వైపు నుంచి ఉండాలి. డబ్లిన్ నాయకులు మూడు నిమిషాల్లో మా నీనా పేరు ఎన్నిసార్లు తలిచారో చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటాను.