కెప్టెన్ జాన్స్ నిజంగా విమానం నడిపారా?

మాది విజయనగరం, గంటస్తంభం దగ్గర. తాతగారి ట్రంకుపెట్టెలో బిగిల్స్ అనే పైలట్ కథల ఇంగ్లిష్ పుస్తకాలు నాలుగు దొరికాయి. అట్టలు చెదలు తినేసినా లోపలి కాగితం బాగుంది. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి వాటిని వదలడం లేదు. రాసిన డబ్ల్యూ.ఈ. జాన్స్ నిజంగా పైలటేనా అని ఒకటే అడుగుతున్నాడు. తెలిసినవారు చెప్పండి.

— శ్రీకాకుళం నుంచి, రిటైరైన టీచర్ని:
నిజంగానే పైలట్ అమ్మా. 1918 సెప్టెంబరులో ఆయన నడుపుతున్న డీహెచ్-4 బాంబరును జర్మన్లు కూల్చేశారు. వెనక సీట్లోని సహచరుడు చనిపోయాడు, ఈయన బందీగా చిక్కారు. బిగిల్స్ కథలు 1932లో మొదలయ్యాయి. కెప్టెన్ హోదా మాత్రం ఆయనకు ఎన్నడూ లేదు, ఫ్లయింగ్ ఆఫీసరే. ఆ కథల్లో భయం అంత నిజంగా ఉండేది అందుకేనని నా నమ్మకం.

— భోగాపురం నుంచి:
తొలి కథల్లో బిగిల్స్ నడిపే క్యామెల్ యుద్ధవిమానానికి ఒకటే సీటు, అక్కా. బాబుకి ఆ తేడా చెప్పండి, ఇష్టపడతాడు.

— మాస్టారూ, తమ్ముడూ, చాలా థాంక్స్. ఇప్పుడే చదివి వినిపించాను. ఆ వెనక సీటాయన పేరేంటని అడుగుతున్నాడు.