పండు ఈగల్లో జన్యు వ్యక్తీకరణ: దీన్నే కెరీర్‌గా పెట్టుకున్నవాళ్లు చెప్పండి

కొత్తవయల్:
పీహెచ్‌డీ సీటు వచ్చింది. పనంతా డ్రోసోఫిలా, అంటే పండు ఈగ మీదే. పిండంలో ఏ జన్యువు ఎప్పుడు, ఎక్కడ ఆన్ అవుతుందో చూడాలి. ఒక్క ఈగనే పట్టుకుని కూర్చుంటే రేపు దారులు మూసుకుపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

ఏడుచారలు:
నా ఉద్యోగ జీవితమంతా ఈగ పిండాలతోనే గడిచింది. ఈవెన్‌స్కిప్డ్ అనే జన్యువు పిండంలో ఏడు చారలుగా ఆన్ అయి కనిపిస్తుంది. చూడటానికి ఏడూ ఒకేలా ఉంటాయి కానీ, రెండో చారకు విడిగా ఒక డీఎన్ఏ ముక్క ఉంది. దాన్నే ఎన్‌హాన్సర్ అంటాం. అక్కడ బైకాయిడ్, హంచ్‌బ్యాక్ ప్రొటీన్లు జన్యువును ఆన్ చేస్తాయి. చారకు తలవైపున జయంట్, తోకవైపున క్రూపెల్ దాన్ని ఆపేస్తాయి. ఆ ముక్కను రిపోర్టర్ జన్యువుకు (ఆన్ అయితే రంగుతోనో వెలుగుతోనో కంటికి కనిపించే జన్యువు) తగిలిస్తే ఆ ఒక్క చారే వస్తుంది! మైక్రోస్కోప్ కింద అది చూడటం నాకు ఇప్పటికీ విసుగు రాదు. ఒంట్లో ఏ భాగం ఎక్కడ రావాలో చెప్పే హాక్స్ జన్యువులు కూడా మొదట ఈగలోనే బయటపడ్డాయి, తర్వాత మనిషిలోనూ ఉన్నాయని తేలింది. 1995 నోబెల్ ఈగ పిండం మీద పనికే కదా. దారులు మూసుకుపోవండీ.

ఈగలగది:
రోజువారీ పని సంగతి నేను చెబుతా. 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్ద ఈగ కావడానికి పది రోజులు చాలు. క్రాస్ పెట్టాలంటే, అంటే మనకు కావాల్సిన ఆడ, మగ ఈగలను జతకట్టించాలంటే, అంతకుముందు జతకట్టని ఆడ ఈగలు కావాలి, ప్యూపా (గూడు దశ) నుంచి బయటికొచ్చిన 8 గంటల్లోపే ఏరుకోవాలి. రాత్రి 18 డిగ్రీల్లో పెడితే ఎదుగుదల నెమ్మదిస్తుంది, పొద్దున్నే ఏరుకోవచ్చు. మీ దినచర్య అంతా ఈగల టైమ్‌కే నడుస్తుంది. సెలవు పెడితే స్టాక్‌లు (ల్యాబ్‌లో పెంచే ఈగల రకాలు) కొత్త సీసాల్లోకి ఎవరు మారుస్తారో ముందే అడగండి.

కోడ్‌వైపు:
పీహెచ్‌డీ తర్వాత నేను మందుల కంపెనీలో చేరాను. నాకు ఉద్యోగం వచ్చింది ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ (ఏ జన్యువులు ఎంత ఆన్ అయ్యాయో ఆర్‌ఎన్‌ఏ చదివి లెక్కించడం) డేటా విశ్లేషణ వల్ల, క్రాస్‌ల వల్ల కాదు. పైథాన్, స్టాటిస్టిక్స్ మొదటి ఏడాదే మొదలుపెట్టండి.

ఏడుచారలు:
సగం ఒప్పుకుంటా. కణాలను విడగొట్టి సీక్వెన్సింగ్ చేస్తే, ఏ కణం పిండంలో ఎక్కడుండేదో పోతుంది. ఆ చోటును కంప్యూటర్ అంచనా వేసి మ్యాప్ ఇస్తుంది. ఇన్ సిటు, అంటే పిండంలోనే జన్యువు ఎక్కడ ఆన్ అయిందో రంగు వేసి చూడటం, చేత్తో చేసినవాళ్లకే ఆ మ్యాప్ తప్పయితే చూడగానే అనుమానం వస్తుంది. రెండూ నేర్చుకోండి.

కొత్తవయల్:
చాలా థాంక్స్ అండీ. స్టాక్‌ల సంగతి, డేటా నేర్పేవాళ్లున్నారా అనేది గైడ్‌ను అడుగుతాను.

ఈగలగది:
అక్కడ చదివి వెళ్లినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారో కూడా కనుక్కోండి. వీలైతే వాళ్లతోనే మాట్లాడండి.