చెవిరాయి చూసి చేప జాతి రాసేయొచ్చా, డీఎన్‌ఏ తప్పదా?

తీరవాసి:
వంజరం కడుపులో ఏ చేపలున్నాయో చూస్తున్నాం. మాంసం ఎప్పుడో కరిగిపోయింది, చెవిరాళ్లే (చేప తలలో, లోపలి చెవిలో ఉండే గట్టి రాళ్లు) దొరుకుతున్నాయి. ఆకారం చూసి జాతి రాసేయమని మా గైడ్ గారు, డీఎన్‌ఏ లేకపోతే పేపర్ తిప్పికొడతారని మా సీనియర్. మధ్యలో నాకు టెన్షన్. ఎవరి మాట వినాలి?

సముద్రపుకాకి:
గైడ్ గారి మాటే. ఉదాహరణకి గొరక చేపల్నే తీసుకోండి. బయటికి ఒకదానికొకటి తేడా తెలియదు. అదే రాయి తీసి లోపలి వైపు తిప్పి చూడండి, గాడి అచ్చం తోకకప్పలా ఉంటుంది: ముందు వెడల్పాటి తల, వెనక వంపు తిరిగిన తోక. ఆ తల వెడల్పూ తోక వంపూ జాతిని బట్టి మారతాయి. చైనా గొరకల్ని 1963లో చూ, లో, వూ అనే ముగ్గురు వర్గీకరించింది గాలితిత్తి (చేప కడుపులో ఉండే గాలి సంచి), చెవిరాయి చూసే. పైగా డీఎన్‌ఏ పేరు చెబుతుంది గానీ, మింగిన చేప ఎంత పొడవుందో చెప్పదు. రాయి కొలిస్తే అదీ లెక్కకొస్తుంది. కుడివీ ఎడమవీ వేరుచేసి లెక్కపెడితే కనీసం ఎన్ని చేపలో కూడా తేలుతుంది.

బార్‌కోడ్:
కాకి గారూ, మీరు చెప్పేది తాజా రాయి సంగతి. కడుపులో ఆమ్లానికి ముందు అంచుల నొక్కులు పోతాయి, తర్వాత గాడి చదునైపోతుంది. కవ్వళ్లు, నెత్తళ్ల రాళ్లు చిన్నవి, పల్చనివి, ఇట్టే కరుగుతాయి. గొరక రాయి పెద్దది, మందం, అది నిలుస్తుంది. వంజరం తినేది ఎక్కువగా కవ్వళ్లూ నెత్తళ్లే అయినా మీ పట్టికలో గొరకలు పైకి తేలతాయి! ఇంకోటి, ఒకే జాతిలోనూ వయసుతో, నీళ్లతో ఆకారం మారుతుంది. అట్లాంటిక్ కాడ్ చేపల గుంపుల్ని విడదీసేది ఆ తేడాతోనేగా.

సముద్రపుకాకి:
ఆ తేడాలు సన్నవి. కంప్యూటర్‌లో అంచు గీత కొలిస్తే గానీ బయటపడవు. గొరకకీ కానాగంతకీ అంత కష్టం దేనికి? కరిగిపోయే రాళ్ల విషయంలో మాత్రం మీతో వాదన లేదు.

జెల్లపులుసు:
వాదన సరే, పని సంగతి చూద్దాం. కడుపుల్ని ఫార్మలిన్‌లో వేయకండి, అందులో ఆమ్లం పుట్టి రాళ్లని తినేస్తుంది. ఆల్కహాల్ వాడండి, డీఎన్‌ఏకీ పనికొస్తుంది. చేపకి చెవిరాళ్లు మూడు జతలుంటాయి; జెల్లల్లో పెద్దగా ఉండేది మిగతా చేపల్లోలా కాక వేరే జత రాయి, దాన్ని మిగతా చేపల రాయితో పోల్చి పేరు పెట్టేయకండి. బార్సిలోనా వాళ్ల అఫోరో (ఆన్‌లైన్‌లో చెవిరాళ్ల బొమ్మల సేకరణ) బొమ్మలు మొదలుపెట్టడానికి బావుంటాయి. కానీ హార్బర్‌లో మీరే చేపలు కొని, చిన్నా పెద్దా సైజుల రాళ్లు తీసి దాచుకోవాలి. గాడి స్పష్టంగా ఉంటే జాతి రాయండి, అరిగితే ‘గొరక కుటుంబం’ అని ఆపేయండి. అనుమానం వచ్చిన కడుపులకే డీఎన్‌ఏ ఖర్చు పెట్టండి.